మూడో బ్లాక్ ముద్ద

మా ఆయన దయాకర్‌కు కన్నతల్లి మీద ఎంత ప్రేమ ఉందో నాకు తెలియదు గానీ, చదువుకున్న హాస్టల్ మీద మాత్రం గుండె నిండా ఉంది. మా జిల్లాలో ఒక పాలిటెక్నిక్, దాని వెనక మూడో బ్లాక్. అక్కడ తిన్నది నీళ్ల చారు, పడుకున్నది నల్లుల మంచం. అయినా ఆ పేరెత్తితే చాలు, కూలబడ్డ మనిషి లేచి కూర్చుంటాడు. అక్కడ చదివి దుబాయ్ చేరినవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మూడో బ్లాక్ పూర్వ విద్యార్థుల సంఘం, యూఏఈ శాఖ. నెలకో ఆదివారం అల్ వర్సాన్‌లో ఎవరో ఒకరి గదిలో కలుస్తారు. అన్నా అంటే తమ్మీ అనుకుంటారు, మటన్ తింటారు, పాత వార్డెన్‌ను తిట్టుకుంటారు. తినేది వాళ్లు, వండేది నేను. అందుకని వాళ్ల గురించి నాలుగు మాటలు అనే హక్కు నాకుంది.

ఈ సంఘంలో పేరు రాయించుకుంటే సరిపోదు. ఎప్పుడు చదివినా, ఎంత వయసున్నా, దుబాయ్‌లో దిగిన దగ్గర్నుంచి ఏడాదిపాటు కొత్తోడిగానే ఉండాలి. కొత్తోడు కుర్చీలో కూర్చోకూడదు. అన్నలు తిని చేతులు కడుక్కునేదాకా కంచం ముట్టకూడదు. వాళ్ల ప్లేట్లు కడగాలి, ఊరికి పోయేవాళ్ల పెట్టెలు తాళ్లతో కట్టాలి, వచ్చేవాళ్ల పెట్టెలు మోయాలి. ఎవరైనా "నువ్వెవరు?" అని అడిగితే "ఎవ్వన్ని గాదన్నా" అని తల వంచాలి. ఏడాది గడిచాక ఒక ఆదివారం పెద్దన్న తన చేత్తో అన్నం కలిపి వాడి నోట్లో ముద్ద పెడతాడు. అప్పుడు మళ్లీ అదే ప్రశ్న. ఈసారి జవాబు, "మీ తమ్మున్నన్నా." ఆ తర్వాత ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగా లేకపోయినా సంఘం అండగా నిలబడుతుంది. ప్రమాణంలో ఇంకో మాట కూడా ఉంది. తమ్ముని తప్పు అన్న మొయ్యాలె, అన్న తప్పు తమ్ముడు దాచాలె. దాచడం నేను చూశాను. మోయడం ఎక్కడ జరిగిందో ఎవరైనా చెబితే విందామని ఉంది.

మా ఆయన 2019లో వచ్చాడు. అప్పటికే మీసంలో తెల్ల వెంట్రుకలు. నేను ఊళ్లో ఉండి వీడియో కాల్ చేస్తే వెనక ఎవరో "ఓ కొత్తా, చాయ్ పట్కరా" అని కేకేశారు. ఈయన ఫోన్ గోడకు ఆనించి ఉరికాడు. తిరిగొచ్చాక చూస్తే మోచేతుల దాకా సబ్బు నురగ.

"ఇంట్ల ఏనాడన్న చెంచా కడిగినవా? ఆడ మందివి గిన్నెలు తోముతున్నవా?" అని నవ్వాను.

"నీకు తెల్వదు తియ్యే. రేపు ఆపదొస్తె గీళ్లే దిక్కు" అన్నాడు.

అబద్ధమెందుకాడాలి, ఆపద వచ్చినప్పుడు వాళ్లే దిక్కయ్యారు. కరోనాలో ఆయన కంపెనీ మూతపడితే గదికి బియ్యం, పప్పు, నూనె తెచ్చి పెట్టింది సంఘమే. పెద్దన్న దేవేందర్ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో మేనేజరు. పెద్ద పెద్ద హోటళ్ల ఏసీలు చూసే కంపెనీ. ఆయనే దయాకర్‌ను టెక్నీషియన్‌గా తన దగ్గరికి తీసుకున్నాడు. నేను ఊళ్లో దేవేందరన్న పేరున పోచమ్మకు కొబ్బరికాయ కొట్టాను. ఇప్పుడది తలుచుకుంటే ఆ కాయేదో నా నెత్తిన కొట్టుకోవాల్సింది అనిపిస్తుంది.

మరుసటేడు నేనూ వచ్చాను. బడి బస్సులో పిల్లలను ఎక్కించి దించే ఆయాను. నా వీసా బడివాళ్లది. ఇంటర్నేషనల్ సిటీలో ఒక ఫ్లాటు, అందులో చెక్క పలక అడ్డం పెట్టిన సగం గది, అదీ మా కాపురం. ఇంకో ఏడాదికి మా తమ్ముడు భూమేశ్ దిగాడు. అమ్మా నాయినా పోయాక నా చేతి అన్నంతో పెరిగినవాడు. వాడూ ఆ మూడో బ్లాక్ సరుకే. మా ఆయన వాణ్ణి కంపెనీలో తనకు జతగా పెట్టించాడు, సంఘంలో కొత్తోణ్ణి చేశాడు. ఆదివారం నేను మటన్ కలుపుతుంటే వాడు పక్కన ప్లేట్లు కడిగేవాడు. సొంత బావను అక్కడ బావా అనకూడదట, అన్నా అనాలట. సంఘంలో అడుగుపెడితే చుట్టరికాలు చెప్పుల దగ్గర వదిలిపెట్టాలని ఒక నియమం.

"తమ్మీ, నీకు సిగ్గనిపిస్తలేదా?" అని అడిగాను.

"బావ చెయ్యలేదా అక్కా? జర ఓపిక పడ్తె అయిపాయె" అన్నాడు. వాడికి ముద్ద పెట్టే ఆదివారం దగ్గరపడుతోంది. దానికోసం తెల్ల చొక్కా కూడా కొనిపెట్టుకున్నాడు.

అట్లాంటి రోజుల్లో, 2023 ఆగస్టులో, మా ఆయన చేయి పోయింది.

హోటల్ మిద్దె మీద ఏసీ యూనిట్. గది అంత పెట్టె, లోపల పెద్ద ఫ్యాను, దాన్ని తిప్పే బెల్టు. దాన్ని విప్పాలంటే ముందు కరెంటు ఆపాలి. మళ్లీ ఎవరూ వేయకుండా స్విచ్చుకు తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే లోపల చేయి పెట్టాలి. నిద్రలో లేపి అడిగినా మా ఆయన ఇదే చెబుతాడు. ఆ రోజు కింద హాల్లో ఎవరిదో పెళ్లి విందు. యూనిట్ ఆపడానికి ఈయన స్విచ్చు దగ్గరికి పోతుండగా భూమేశ్ ఫోన్‌కు దేవేందర్ కాల్ చేశాడు. స్పీకర్ పెట్టి ఇద్దరూ విన్నారు.

"ఆపకున్రి. కింద గెస్టులున్నరు, కంప్లైంట్ వస్తది. నడుస్తుండంగనే మూత తీసి బెల్ట్ చూడున్రి, యల్లా, జల్ది."

పెద్దన్న మాట. మూత తీశాడు. పానా జారింది, పానా వెంట చేయి పోయింది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా తెగిపోయాయి, బొటనవేలు వంగకుండా పోయింది. ఇదంతా సాయంత్రం దవాఖాన వరండాలో భూమేశ్ ఏడ్చుకుంటూ నాకు చెప్పాడు. చొక్కా మీద బావ నెత్తురు ఆరి అట్టకట్టి ఉంది. "అన్న ఆపకుమన్నడక్కా. బావ తాళం చేతుల వట్టుకునే ఉన్నడు" అని వాడే, వాడి నోటితోనే అన్నాడు.

మర్నాడు సంఘం వచ్చింది. ఆపిల్ పండ్లు, పాల పొడి డబ్బా, వాట్సాప్ నిండా చేతులు జోడించిన బొమ్మలు. అందరూ పోయాక దేవేందర్ ఒక్కడూ ఉండి నన్ను పక్కకు పిలిచాడు. మనిషి మెత్తగా మాట్లాడతాడు. కోపంగా మాట్లాడేవాడైతే మనమూ తిరిగి ఓ మాట అనగలం, ఈ మెత్తనివాళ్లతోనే చావు.

"చెల్లె, ఆఫీసోళ్లు విచారణ పెడ్తరు. ఆవేశపడకు. ఇది మన లోపలి ముచ్చట. కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తది" అన్నాడు.

"చిరిగింది మా కడుపు గదన్నా" అన్నాను. "మీ కాళ్లకేమైంది?"

తమ్ముణ్ణి సంఘం వదిలిపెట్టదని, అన్నీ తాను చూసుకుంటానని అన్నాడు. ఏం చూసుకుంటావు, ఎట్లా చూసుకుంటావు అంటే మాత్రం ఫోన్ మోగింది, పోయాడు.

నన్ను నిజంగా కూర్చోబెట్టి మాట్లాడింది సమీనా. కంపెనీ ఆఫీసులో ఇట్లాంటి విచారణలు చూసే హైదరాబాద్ మనిషి. ఆమెకు నేను చుట్టమూ కాదు, ఏ బ్లాకూ కాదు.

"సాఫ్ సీదా చెప్తా, బెహన్" అంది. "రూల్ తప్పి చేసిండు అని రాస్తే నౌకరీ ఖలాస్, వీసా క్యాన్సిల్. పైవాళ్లు చేయమన్నారని తేలితే కంపెనీ ఇంటికి పంపడానికి లేదు. స్టోర్‌లో కూసునే పని ఉంది, నేను ఇప్పిస్తా. మేనేజర్ కాల్ చేసింది నిజమే అంటున్నాడు, గెస్టుల గురించి అడిగానంతే అంటున్నాడు. దయాకర్ చెప్పేది లెక్కలోకి రాదు, తన కోసం తాను చెప్పుకుంటాడు కదా. ఆ ఫోన్ విన్న రెండోవాడు చెప్పాలి. ఒక్కడు చెప్తే చాలు."

నాకు గుండె మీది రాయి దించినట్టయింది. ఆ రెండోవాడు ఎవడో పరాయివాడైతే భయపడాలి. నా తోడబుట్టినవాడు, నేను నోట్లో పెడితే తిని పెరిగినవాడు. మా ఆయన మాత్రం గోడ వైపు చూస్తూ పడుకున్నాడు. నొప్పి అనుకున్నాను.

విచారణ ముందు రోజు సాయంత్రం భూమేశ్ గదికి వచ్చాడు. మా ఆయన అప్పటికి దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు. ఆయనకు నేను అన్నం కలిపి పెడుతున్నాను. ఎడమచేత్తో తినడం రాదు, నాతో తినిపించుకోవడం సిగ్గు, రెండింటికీ మధ్య సగం అన్నం చొక్కా మీద పడేది. భూమేశ్‌కు పచ్చిపులుసు ఇష్టమని చేశాను. కడుపు నిండా తిన్నాడు.

"తమ్మీ, రేపు ఉన్నదున్నట్టు చెప్పు. ఎక్వ వద్దు, తక్వ వద్దు. ఆపకుమని ఫోన్ వచ్చిందని చెప్పు, అంతే" అన్నాను.

"చెప్తక్కా" అన్నాడు. నా మొహంలోకి చూసే అన్నాడు. ఆ రాత్రి ఎన్నాళ్లకో నాకు నిద్ర పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో ఉన్నాను. పిల్లలను వరుసగా కూర్చోబెట్టి బెల్టులు పెడుతుంటే సమీనా ఫోన్ చేసింది.

"నీ తమ్ముడు చెప్పలేదు" అంది. "రెండుసార్లు అడిగాను. ఫోన్ వచ్చింది, గెస్టుల గురించి మాట్లాడిండు, యూనిట్ ఆపొద్దని ఎవ్వరూ అనలేదు, దయాకర్ అన్న తొందరపడి మూత తీసిండు అన్నాడు. సంతకం కూడా పెట్టాడు. ఇంక నా చేతిలో ఏం లేదు, బెహన్. నాకే బాధగుంది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు మా వైపు. ఆ మాట ఎన్నోసార్లు మందిని చూసి అన్నాను, నవ్వుతూ అన్నాను. ఆ రోజు అది నాకే తగిలింది. అయినా పిల్లల బెల్టులు పెట్టాలి కదా, పెట్టాను. ఒక్కో పిల్లను ఒక్కో గేటు ముందు దించాను, వాళ్ల తల్లులకు నవ్వుతూ చేయి ఊపాను.

గదికి పోయి మా ఆయనకు చెబితే "పోనియ్యి" అన్నాడు. అంతే. పోనియ్యడానికి అదేమన్నా గాలిపటమా అని అరిచాను. చెక్క పలక అవతల కాపురం ఉండే కాత్యాయని గోడ తట్టింది. భూమేశ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నాడు, కిక్కురుమనడు. వాడుండే లేబర్ క్యాంపుకు పోయి అడుగుతానంటే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు, ఆ మిగిలిన వేళ్లతోనే. నా కోపమంతా తమ్ముడి మీద. మా ఆయన మీద జాలి. ఎవరి మీద ఏది ఉండాలో నాకేం తెలుసు అప్పుడు?

కంపెనీ వీసా రద్దు చేసి టికెట్ చేతికిచ్చింది. నా ఉద్యోగం నాది కాబట్టి నేనుండాలి. ఆయన రెండు వేళ్లు ఇక్కడ పెట్టి ఊరికి పోవాలి. ఇదీ తేలింది.

సంఘం ఏం చేసిందనుకున్నారు? సన్మానం పెట్టింది. మా ఆయనకు వీడ్కోలు, భూమేశ్‌కు ముద్ద, రెండూ ఒకే ఆదివారం, ఖర్చు కలిసొస్తుందని కాబోలు. నేను వండనని చెప్పాను. హోటల్ నుంచి తెప్పించుకున్నారు. రానని కూడా అన్నాను గానీ, ఆయనకు చొక్కా గుండీలు పెట్టి, బూట్ల లేసులు కట్టి, ఒక్కణ్ణే ఎట్లా పంపను? పోయాను.

ముందు భూమేశ్ వంతు. తెల్ల చొక్కా వేసుకుని చాప మీద మోకాళ్లపై కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. దేవేందర్ అన్నం కలిపాడు, ముద్ద చేశాడు, వాడి నోట్లో పెట్టాడు. అందరూ గొంతు కలిపి అడిగారు, "నువ్వెవరు?"

"మీ తమ్మున్నన్నా" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. కొట్టనివ్వండి. వాణ్ణి ఎత్తుకుని తిరిగిన నడుము నాది, తమ్ముడు మాత్రం వాళ్లకు. విచారణలో వాడు ఎందుకట్లా చెప్పాడో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైందనుకున్నాను. ఆ ముద్ద కోసమే చెప్పాడు, ఆ దేవేందర్ చేతి ముద్ద కోసం. ఏడ్వాలో ఉమ్మాలో తెలియలేదు.

తర్వాత మా ఆయనకు శాలువా కప్పారు. ఆయన లేచి, కట్టు కట్టిన చేయి గుండె మీద పెట్టుకుని, "దేవేందరన్న నాకు అన్నం పెట్టిండు. సంఘం నాకు తల్లిదండ్రి తీరు" అన్నాడు. ఇంక నావల్ల కాలేదు.

"ఫోన్ వచ్చింది" అన్నాను లేచి. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఆపకుంట చూడుమన్నది నువ్వే దేవేందరన్నా. గీ ముద్ద తిన్నోడు విన్నడు. విని లేదన్నడు. మీరందరు గూడ ఎరుకే ఉండి చప్పట్లు కొడ్తున్రు. మల్ల తమ్ముని తప్పు అన్న మోస్తడంట. ఎవలన్న మోసిండ్రా ఈడ? రెండు వేళ్లు పోయినయి గీయనవి, కొలువు పోయింది గీయనది, శాలువా కప్పి సాగనంపుతున్రా?"

చాలామంది ప్లేట్లలోకి చూసుకున్నారు. దేవేందర్ కొంచెం కూడా తొణకలేదు.

"చెల్లె బాధల ఉన్నది. ఎవలన్న నీళ్లియ్యున్రి" అన్నాడు.

"కూసో మంజులా" అన్నాడు మా ఆయన. "నలుగురిల ఇజ్జత్ తియ్యకు."

ఎవరి ఇజ్జత్ అని అడిగితే తల దించుకున్నాడు. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను. కొంచెం సేపటికి ఆయన వచ్చాడు, వెనకాల ఆయన సంచి పట్టుకుని భూమేశ్. ముగ్గురం బస్టాపు దాకా నడిచాం. ఎండ ఇంకా దిగలేదు. నేను భూమేశ్ వైపు తిరిగి, మొగుణ్ణి కూడా లెక్కచేయకుండా, నోటికొచ్చినవన్నీ తిట్టాను. నీకు పెట్టిన బువ్వ కుక్కకు పెడితే తోకైనా ఊపేది అన్నాను. వాడు కళ్లు తుడుచుకున్నాడు.

"వానినేమనకు" అన్నాడు మా ఆయన. "గట్ల చెప్పుమన్నది నేనే."

నేను ఆగిపోయాను.

"విచారణకు ముందురోజు పొద్దుగాల నువ్వు డ్యూటీకి పోయినంక దేవేందరన్న గదికొచ్చిండు. వీన్ని గూడ పిలిపిచ్చిన. ముగ్గురం కూసోని మాట్లాడుకున్నం. అన్న కొలువు పోతె అన్న పెట్టిచ్చినోళ్లంత రోడ్డున పడ్తరు. వీడు గూడ. నేనొక్కన్ని పోతె సరిపాయె గద. కొన్ని నెలలు ఊర్ల ఉండుమన్నడు, ఇంకో కంపెనీల వీసా తీస్తనన్నడు."

ఆ వీసా ఇంతవరకు రాలేదు. వస్తుందని ఆయన ఊళ్లో ఈరోజుకీ ఎదురుచూస్తున్నాడు, అడిగితే అన్న మర్చిపోడంటాడు.

పొద్దున ముగ్గురూ మాట్లాడుకున్నారు. సాయంత్రం నేను పచ్చిపులుసు చేశాను. చెప్తక్కా అని ఒకడు నా మొహంలోకి చూసి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఇంకొకడు నా చేతి ముద్ద తింటూ విన్నాడు. సమీనా దగ్గరికి ఎన్నిసార్లు తిరిగాను, ఎందరు దేవుళ్లకు మొక్కాను, ఇద్దరూ చూస్తూ ఊరుకున్నారు.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను. తిట్టే ఓపిక కూడా అయిపోయింది. "నీకు గుండీలు పెడ్తున్న, అన్నం తినిపిస్తున్న. పోయేది నా కాపురం గాదా? నన్నొక మాట అడగద్దా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. తెలిసిన సంగతే మళ్లీ అడుగుతున్నదేమిటి అన్నట్టు చూశాడు. గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు.

"అది సంఘం ముచ్చట గదనే. నువ్వు సంఘంల లేవు గద" అన్నాడు.

బస్సు వచ్చింది. భూమేశ్ తన కార్డు, బావ కార్డు రెండూ తానే టికెట్ మిషన్‌కు ఆనించి, ఆయన భుజం పట్టుకుని జాగ్రత్తగా వెనక్కి తీసుకుపోయాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇక్కడ బస్సుల్లో ముందు సీట్లు ఆడవాళ్లవి. నా కార్డు నేను ఆనించుకుని అక్కడ కూర్చున్నాను.